మా గుట్ట మీద ఏ కసువు ఎక్కడ మొలుస్తుంది, ఎందుకు?

(సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడరు చేసిన ప్రసంగ పాఠం)



మాది పలమనేరు వైపు ఒక మిట్ట ఊరు. సంఘంలో పదకొండు మందిమి ఉన్నాము. ప్రతి సంవత్సరం ఈ సభలో పొదుపు ఎంత, తీసుకున్న అప్పు ఎంత, తిరిగి కట్టింది ఎంత అని చెబుతాము. ఆ లెక్కలు ఈ పుస్తకంలోనే వేరే పేజీలో ఉన్నాయి. ఈసారి మమ్మల్ని కసువు గురించి మాట్లాడమన్నారు. "కసువు గురించి మాట్లాడేదానికి ఏముంది?" అని మొదట మేమే నవ్వుకున్నాము. కానీ మా సంఘం డబ్బు పోయింది కసువు దగ్గరే, మాకు తెలివి వచ్చింది కూడా కసువు దగ్గరే. అందుకని ఏమీ దాచుకోకుండా చెబుతాము.

మేము నష్టపోయిన సంగతి

మూడేండ్ల కింద బ్యాంకు లింకేజీ డబ్బుతో మాలో ఏడుగురు గొర్రెలో, ఆవులో కొన్నారు. జీవాలు వచ్చినాయి గానీ మేపు చాలలేదు. మా ఊరి వెనక ఒక గుట్ట ఉంది. రెవెన్యూ లెక్కలో అది మేత పోరంబోకు. అది ఊరికే పడి ఉంది కదా, అక్కడ మంచి గడ్డి వేస్తే మేపు కరువు తీరిపోతుంది అనుకున్నాము. ఒకాయన కోఫోర్ గడ్డి నాటండి, ఏడాది పొడుగునా కోసుకోవచ్చు అని చెప్పినాడు. సంఘం పొదుపులోంచి 30,000 రూపాయలు తీసి కణుపు ముక్కలు తెచ్చినాము. జూన్ వానలకు పది దినాలు కూలి లేకుండా అందరమూ గుట్టెక్కి నాటినాము.

మొదట పచ్చగానే లేచింది. ఆగస్టులో ఇరవై దినాలు వాన లేదు. గుట్ట మీద ఒక్క మొక్క కూడా మిగలలేదు. కానీ ఒక విచిత్రం జరిగింది. నాటగా మిగిలిన ముక్కలను దిగి వచ్చేటప్పుడు వంక ఒడ్డున పారేసినాము. వాటికి ఎవరూ గుంత తీయలేదు, ఎరువు వేయలేదు. అవి మాత్రం నడుమెత్తు పెరిగినాయి.

ముక్కలు అవే, వాన అదే, నాటిన చేతులూ అవే. మారింది చోటు ఒక్కటే. ఆ దినం నుంచి మేము కసువును చూడడం మొదలుపెట్టినాము. అంతకు ముందు కసువును కోసినాము, మోసినాము, తొక్కినాము గానీ చూడలేదు.

తాడు పట్టుకొని నడిచిన దినం

మా ఊర్లో ఒక అవ్వ ఉంది. చిన్నప్పటి నుంచి గొర్రెల వెనక తిరిగిన మనిషి. మేము పోయి అడిగితే ఆమె, "అమ్మీ, మీరు నేలను అడగకుండానే నాటేసినారు. నేల ఒప్పుకోని కసువు నిలవదు. ఆడ ఏముందో ముందు చూసి, ఆ తర్వాత కదా ఏం వేయాలో అనుకునేది" అనింది.

పశువుల డాక్టరు గారు ఒక పద్ధతి చెప్పినారు. పది మీటర్ల తాడు తీసుకొని మీటరుకొక ముడి వేసుకోవాలి. నేల మీద తాడు పరిచి, ప్రతి ముడి కింద ఏముందో రాసుకోవాలి. కసువైతే ఏ కసువు, రాయైతే రాయి, వట్టి మన్నైతే మన్ను అని. గుట్ట కొన నుంచి చెరువు దాకా ఐదు చోట్ల తాడు పరిచినాము. అవ్వ పేరు చెప్పింది, మేము నోటుబుక్కులో రాసినాము.

గుట్ట నెత్తిన బండల మధ్య జానెడు మన్ను కూడా లేదు. అంతా గరుసు. అక్కడ పొరక కసువు ఉంది. మనం ఇల్లు ఊడ్చే పొరకలకు వాడేది అదే. డాక్టరు గారు దాని శాస్త్రం పేరు అరిస్టిడా అన్నారు. కాస్త కిందికి, వాలులో బోద ఉంది. మన పెద్దోళ్లు బోద కొట్టాలు కప్పుకున్నది ఆ బోదతోనే. నలిపితే వాసన వస్తుంది, ముదిరితే పశువు మూతి పెట్టదు. గుట్ట పాదంలో పైనుంచి కొట్టుకొచ్చిన మన్ను చేరి మూరెడు లోతు ఉంది. అక్కడ జీవాలు ఇష్టంగా తినే మేపు కసువు ఉంది, కానీ పది ముడులకు మూడే. మిగతావి బట్టలకు గుచ్చుకునే సూదుల కసువు, వట్టి మన్ను. వంక ఒడ్డున రెల్లు, వట్టివేరు, గరిక ఉన్నాయి. చెరువు లోపలి అంచున తుంగ, జమ్ము ఉన్నాయి.

గుట్ట కొన నుంచి చెరువు దాకా నడిస్తే అరగంట. ఆ అరగంటలో కసువు ఐదు సార్లు మారిపోయింది. మా అమ్మమ్మల కాలం నుంచి ఆ దోవలోనే నడుస్తా ఉన్నాము. అది మాకు ఆ దినమే కనిపించింది.

నేల నిర్ణయించేవి

ఎందుకు మారింది అని డాక్టరు గారినీ, అవ్వనూ అడిగి తెలుసుకున్నది చెబుతాము.

మొదటిది మన్ను లోతు. మన్ను ఒక కుండ లాంటిది. లోతు తక్కువైతే పడిన వాన నిలవదు, నాలుగు దినాల్లో ఆరిపోతుంది. పొరక కసువుకు సన్నని ఆకులు, తక్కువ నీళ్లతో గబగబా పెరిగి గింజ వేసేసుకుంటుంది. కోఫోర్‌కు వెడల్పు ఆకులు, అడుగడుగునా నీళ్లు కావాలి. చిన్న చెంబెడు నీళ్లు పట్టే చోట బానెడు నీళ్లు తాగేదాన్ని నాటినాము. అదే మా తప్పు.

రెండోది మన్ను జాతి. ఇసక కలిసిన తేలిక నేలలో అంజన్ గడ్డి బాగా వస్తుంది. జిగట నేలలో, నల్లరేగడి పల్లంలో చెంగలి గడ్డి లాంటివి వస్తాయి. గొర్రెల మంద కట్టిన చోట ఎరువు ఎక్కువ, అక్కడ గరిక ముందు లేస్తుంది. 

మూడోది వాలు, ఎండ. మా గుట్టకు పడమర వైపు మధ్యాహ్నం ఎండంతా తగులుతుంది. శివరాత్రి నాటికి అటు పక్క కసువు తెల్లబడిపోతుంది. ఉత్తరం పక్క ఇంకా కొంచెం పచ్చదనం ఉంటుంది. ఒకే గుట్ట, ఒకే వాన, పక్క వేరు.

నాలుగోది నీడ. మన ప్రాంతం కసువుల్లో ఎక్కువ భాగం ఎండను కోరేవి. లంటానా కంప, సర్కారు కంప కమ్ముకున్న చోట తాడు పరిస్తే ముడుల కింద ఎండుటాకు తప్ప ఏమీ లేదు. ఈ సర్కారు కంప మన దేశపు చెట్టు కాదు. అమెరికా ఖండం వైపు నుంచి వచ్చింది. 1877 ప్రాంతంలో మన పక్కనే ఉండే కడప జిల్లా కమలాపురంలో దీని గింజలు చల్లినారంట, వంటచెరకు కోసమని. మంచికే తెచ్చినారు. ఇప్పుడు మేపు భూములను అదే మింగతా ఉంది.

గుట్ట దాటి చూస్తే

ఈ సంగతి మా ఊరికే కాదు, మన రెండు జిల్లాలకూ వర్తిస్తుంది. పలమనేరు, కుప్పం, పుంగనూరు వైపు నేల సముద్రమట్టానికి 600, 700 మీటర్ల ఎత్తులో ఉంటుంది. మొగిలి ఘాట్ దిగి చిత్తూరు వైపు వస్తే గాలి వేడెక్కుతుంది. తిరుపతి, శ్రీకాళహస్తి ఇంకా పల్లం. పడమటి ఊర్లకు జూన్ నుంచి సెప్టెంబరు వానలూ, ఆ తర్వాత ఈశాన్యపు వానలూ రెండూ అవసరమే. తూర్పుకు పోయేకొద్దీ అక్టోబరు, నవంబరు వానల వాటా పెరుగుతుంది. కాబట్టి మేపు లేచే కాలం, గింజ పడే కాలం అన్ని చోట్లా ఒకటి కాదు. ఇంకా తూర్పుకు సూళ్లూరుపేట, తడ దాటి పులికాట్ సరస్సు అంచుకు పోతే ఉప్పు నేల. అక్కడ ఉప్పును ఓర్చుకునే మొక్కలే బతుకుతాయి. మా బోదను తీసుకుపోయి అక్కడ నాటితే చచ్చిపోతుంది.

శేషాచలం కొండల్లో మళ్లీ వేరు. అక్కడ గట్టి రాయి, పలచని మన్ను. ఎర్రచందనం పెరిగేది అలాంటి నేలలోనే. 

దేశమంతా కూడా ఇదే లెక్క అని డాక్టరు గారు చెప్పినారు. దబడ్‌ఘావ్, శంకరనారాయణ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1973లో వచ్చిన పుస్తకంలో మన దేశపు గడ్డి భూములను ఐదు రకాలుగా విడదీసినారంట. ఎండ ఎక్కువ, వాన తక్కువ ఉండే రాజస్థాన్, గుజరాత్ వైపు ఒక రకం. గంగ, బ్రహ్మపుత్ర మైదానాల తడి నేలల్లో రెల్లు జాతి ఒక రకం. హిమాలయాల అడుగున ఒకటి, పైన చలి చోట ఒకటి. మన దక్షిణ పీఠభూమిది సెహీమా, డైకాంథియం అనే మేపు కసువుల రకం. ఆ రెండు పేర్లలో మొదటిదే మా గుట్ట పాదంలో పది ముడులకు మూడు ముడుల్లో దొరికిన కసువు. పుస్తకంలో పేరున్న కసువు మా కాళ్ల కింద ఉందని తెలిసి మాకు సంతోషం అయింది. మూడే ముడులు మిగిలింది అని తెలిసి దిగులు కూడా అయింది.

మనం నిర్ణయించేవి: నోరు, నిప్పు, కొడవలి

అక్కలారా, ఇప్పుడు చెప్పేది ముఖ్యం. మన్ను లోతును, వానను మనం మార్చలేము. కానీ కొన్ని మన చేతుల్లోనే ఉన్నాయి.

మంచి మేపు కసువు ఏండ్ల తరబడి ఒకే మొదలు మీద బతుకుతుంది. ఆకుతో తయారు చేసుకున్న బలాన్ని వేర్లలో దాచుకుంటుంది. మన పొదుపు మాదిరే. జీవాలు వచ్చి కొరికితే ఆ దాచిన దాంట్లోంచి తీసి మళ్లీ చిగురేస్తుంది. చిగురేసిన ప్రతిసారీ కొరికేస్తే పొదుపు అయిపోతుంది, వేరు చిక్కిపోతుంది, ఒక కరువు వస్తే మొదలు చచ్చిపోతుంది. ఏ జీవమైనా రుచిగా ఉండేదాన్నే ముందు తింటుంది. కాబట్టి ముందు పోయేది మంచి కసువే.

అది పోయిన చోటికి సూదుల కసువు వస్తుంది. లేతగా ఉన్నప్పుడు జీవాలు తింటాయి, సూదులు వచ్చినాక వదిలేస్తాయి. ఆ సూది తడికి మెలి తిరిగి గింజను మన్నులోకి దించుకుంటుంది. అందుకే నిప్పు వచ్చినా దాని గింజ బతుకుతుంది. ఇంకా మేపితే అది కూడా పలచబడి పొరక కసువు వస్తుంది. ఆ తర్వాత తంగేడు, బండారు, సర్కారు కంప. చివరికి వట్టి మన్ను. ఇది మెట్లు దిగినట్టు దిగుతుంది. గుట్ట పాదంలో ఏ కసువు ఉందో చూస్తే మనం ఏ మెట్టు మీద ఉన్నామో తెలుస్తుంది.

నిప్పు కూడా అంతే. బోదకు నిప్పు పెడితే వానకు లేత చిగురు వస్తుందని మన వైపు ఎండాకాలంలో కాలుస్తారు. ప్రతి ఏడూ కాలిస్తే మన్ను బయటపడి, మొదటి గాలివానకే కొట్టుకుపోతుంది. మన్ను లోతు తగ్గితే మళ్లీ పైన చెప్పిన చెంబు కథే. ఎండిన కొండకు అంటుకుంటే ఆపడం ఎంత కష్టమో 2014 మార్చిలో తిరుమల కొండల్లో చూసినాము. హెలికాప్టర్లు తెచ్చి నీళ్లు పోయాల్సి వచ్చింది.

పొరక అక్కలు, మేకల అక్కలు

ఇక్కడే మాకు గొడవ వచ్చింది. అది కూడా చెప్పాలి.

మా సంఘంలో నలుగురికి జీవాలు లేవు. సంక్రాంతి ముందు వెనక గుట్ట మీద పొరక కసువు తెచ్చి, కట్టలు కట్టి పలమనేరులో అమ్ముకుంటారు. వాళ్లకు పొరక ఎక్కువైతే మేలు. జీవాలున్న ఏడుగురికి పొరక ఎక్కువైతే కీడు. ఒకే గుట్ట, ఒకే సంఘం, ఒకే నోటుబుక్కు. పొరక పెరిగిందని సంతోషించాలా, మేపు పోయిందని ఏడవాలా?

తాడు లెక్క మళ్లీ తీసి చూసినాము. గుట్ట నెత్తిన పొరక ఉండడం తప్పు కాదు. ఆ బండల మధ్య ఇంకేదీ బతకదు, అది దాని చోటు. గుట్ట పాదంలో, మూరెడు మన్నున్న చోట పొరక వస్తే అదే తప్పు. అక్కడ దాన్ని తెచ్చింది నేల కాదు, మన మేకలు. ఈ తేడా తెలిసినాక గొడవ సగం తగ్గింది. నెత్తి పొరక అక్కలకు, పాదం మేపుకు అని ఒప్పుకున్నాము. పొరకను గింజ రాలినాక, నేల ఆరినాక కొడవలితో కోయాలి, తడి నేలలో వేరుతో పీకకూడదు అని రాసుకున్నాము.

పాదాన్ని మూడు భాగాలు చేసినాము. ఏడాదికొక భాగాన్ని మొదటి వాన నుంచి గింజ రాలే దాకా, అంటే డిసెంబరు దాకా, మూసి పెట్టాలని గ్రామ సమాఖ్యలో తీర్మానం చేసినాము. ఆ తర్వాత కోసుకొని మోసుకోవచ్చు.

ఆ తీర్మానానికి చేతులెత్తినాము. ఎత్తిన చేతుల్లో మేకలున్నది ఎవరికీ లేవు. మా సంఘంలో మేకలు మేపే అక్క ఒక్కరే. ఆమె చెయ్యి ఎత్తలేదు. మేము అది చూసి కూడా తీర్మానం అయిపోయింది అన్నాము. ఆ ఏడాది దగ్గర మేపు మూసేసరికి, ఆమెకు దూరం తోలుకుపోయే ఓపిక లేక పదకొండు మేకల్లో ఐదింటిని అమ్ముకుంది. ఆరు నెలలు మీటింగుకు రాలేదు. పొదుపు మాత్రం కూతురితో పంపించింది.

మేము నేల మాట వినడం నేర్చుకున్నాము గానీ పక్కన కూర్చున్న మనిషి మాట వినలేదు. దీన్ని ఈ సభలో ఒప్పుకుంటా ఉన్నాము. తర్వాత ఆమె ఇంటికి పోయి మాట్లాడినాము. మూసిన భాగంలో కోసే మొదటి మోపులు ఆమెవే అని రాసుకున్నాము. బోద వాలు, కంప ఉన్న చోటు మేకలకు ఏడాదంతా తెరిచే ఉంచినాము. మేక పొదల చిగురు కూడా తింటుంది కదా, గొర్రె, ఆవు మాదిరి కసువునే నమ్ముకోదు. ఈ మాట చెప్పింది ఆమే. ముందే అడిగి ఉంటే ముందే చెప్పేది. ఇప్పుడు మీటింగుకు వస్తా ఉంది. అమ్మిన మేకలు మాత్రం తిరిగి రాలేదు.

ఇప్పుడు ఎలా ఉంది

రెండు వానాకాలాలు అయినాయి. పోయిన డిసెంబరులో అవే ఐదు చోట్ల అదే తాడు పరిచినాము. మొదట మూసిన భాగంలో మేపు కసువు మూడు ముడుల నుంచి ఆరు ముడులకు వచ్చింది. ఎవరూ విత్తనం వేయలేదు. మన్నులో మిగిలిన మొదళ్లే లేచినాయి. గుట్ట నెత్తిన పొరక ఎంత ఉండేదో అంతే ఉంది. కంప కింద ఇంకా ఏమీ లేదు, కంప కొట్టే పని మిగిలే ఉంది. కోఫోర్‌ను ఇప్పుడు వంక పక్కన, బోరు నీళ్లు పారే గెనిమల మీద మాత్రమే వేస్తా ఉన్నాము. అక్కడ బాగా వస్తా ఉంది. ఆ గడ్డిలో తప్పు లేదు, మేము చూపించిన చోటే తప్పు.

మన పుంగనూరు పొట్టి ఆవు తక్కువ మేపుతో బతుకుతుందని పేరు. ఆ జాతిని పలమనేరు పశు పరిశోధనా స్థానంలో కాపాడుతా ఉన్నారు. ఆ ఆవు ఈ నేల కసువుకు తగ్గట్టు తయారైంది. ఆవును కాపాడుకున్నట్టే అది తిన్న కసువును కూడా కాపాడుకోవాలి కదా అని మాకు అనిపిస్తుంది.

సమాఖ్యకు మా మనవి

ఒకటి. గొర్రెలకో, ఆవులకో అప్పు ఇచ్చే ముందు ఆ ఊరి మేపు భూమిలో ఒకసారి తాడు పరిచి చూడండి. కొనే జీవాలకు అక్కడ కడుపు నిండుతుందా లేదా తెలుస్తుంది.

రెండు. మేపు భూమిని బంజరు, ఖాళీ భూమి అని రాయకండి. ఖాళీ అని రాస్తే ఎవరో ఒకరు ఏదో ఒకటి నాటేదానికి వస్తారు. మేమే అట్లా నాటినాము.

మూడు. గడ్డి విత్తనం, కణుపులు ఊరికొక రకం ఇవ్వకండి, చోటుకొక రకం ఇవ్వండి. పలమనేరుకు ఇచ్చిందే సూళ్లూరుపేటకు పనికిరాదు.

నాలుగు. మూసే తీర్మానం చేసేటప్పుడు, ఆ మూతతో ఎక్కువ నష్టపోయే మనిషిని ముందు మాట్లాడనివ్వండి. చేతులు ఎత్తడం ఆ తర్వాత.

పోయిన 30,000 రూపాయల్లో ఇంకా 8,000 మా పొదుపుకు తిరిగి చేరాలి. నెలనెలా వేసుకుంటా ఉన్నాము. అది అయిపోయే లోపల ఏ సంఘం అయినా మా తాడును అడిగితే ఇస్తాము. ముడులు వేసేది నేర్పిస్తాము. అవ్వకు నడిచే ఓపిక ఉన్నన్నాళ్లు అవ్వను కూడా తోడు పిలుచుకొస్తాము.